పాత పుస్తకాల షాపులో గంటలు గంటలు ఏం చేస్తారు మీరంతా?

పెన్సిల్‌గీత:
మా ఇంట్లో వాళ్ల ప్రశ్న ఇది. సరిగ్గా జవాబు చెప్పలేక మీ మీదికి తోస్తున్నా. కావాల్సిన పుస్తకం ఫోన్లో వెతికితే నిమిషంలో దొరుకుతుంది, ఇంటికి తెచ్చిస్తారు, అలాంటప్పుడు పాత పుస్తకాల షాపుకి పోయి, కింది అరల దగ్గర గొంతుక్కూర్చుని, మెడ పక్కకి వంచి స్పైన్ల మీద పేర్లు చదువుకుంటూ పూటంతా గడిపి, ఒక్కోసారి ఉత్త చేతులతో తిరిగొచ్చే మనిషిని ఏమనాలి అని. నాకు తెలిసిన జవాబు చిన్నది. ఏం కావాలో తెలిసిన రోజు నేనూ ఫోన్లోనే కొంటా. తెలియని రోజు షాపుకి వెళ్తా. అలాంటి రోజులే నాకు ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ షాపులతో పాటు, చైన్ కాకుండా ఎవరో ఒకరు సొంతంగా నడుపుకునే కొత్త పుస్తకాల షాపులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. లోపలికెళ్లాక ముందు ఎటు తిరుగుతారు, ఏది చూసి ఆగిపోతారు, రాయండి. పొడుగ్గా రాసినా పర్లేదు.

లెక్కలబాబు:
ముందే చెప్తున్నా, నాది ప్రతిపక్షం. వెతికేది దొరకదు, దొరికేది మనం వెతికింది కాదు, పైగా దుమ్ము ఉచితం. నాలుగు భాగాల సెట్లో మూడోది మాత్రం ఉంటుంది, మిగతావి ఎక్కడున్నాయో షాపాయనకీ తెలియదు, దేవుడికీ తెలియదు. నాకు ఫలానా పుస్తకం, ఫలానా ఎడిషన్ కావాలి. ఉందో లేదో స్క్రీన్ మీద తేలిపోవాలి. ఈ తిరుగుళ్లన్నీ టైమ్ ఎక్కువై ఏం తోచనివాళ్లవి.

మూలఅర:
బాబు గారూ, మీరు చెప్పే ఆ వెతుకులాటకి ఆధారం పుస్తకం వెనక ఉండే నంబరు. ప్రతి పుస్తకానికీ ఒక నంబరు ఇవ్వాలన్న పద్ధతి 1960ల్లో బ్రిటన్‌లో మొదలైంది, 1970లో ఐఎస్‌బిఎన్ పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది, 2007 జనవరి నుంచి 10 అంకెలు కాస్తా 13 అయ్యాయి. నంబరు ఉన్నవి స్క్రీన్ మీద చక్కగా దొరుకుతాయి, ఒప్పుకుంటా. మరి అంతకుముందు అచ్చయి, మళ్లీ అచ్చుకి నోచుకోనివాటి సంగతేంటి? వాటికి నంబరే లేదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని కూర్చుని పేరూ, రచయితా, అచ్చయిన ఏడూ టైప్ చేస్తే తప్ప అవి మీ ఫోన్లోకి రావు, ఆ టైప్ చేసినాయన ఒక్క అక్షరం అటూ ఇటూ కొడితే ఉన్నా లేనట్టే. అలాంటివి చేతికి తగలాలంటే కాళ్లరిగేలా తిరగాల్సిందే.

ఇంకో సంగతి. స్క్రీన్ ఎప్పుడూ మనం ఇదివరకు కొన్నదానికి చుట్టాన్నే చూపిస్తుంది. ఒక చారిత్రక నవల కొంటే నెలంతా చారిత్రక నవలలే. షాపులో పక్కపక్కనే ఉన్నవాటికి ఏ చుట్టరికమూ ఉండక్కర్లేదు, ముఖ్యంగా ఇంకా సర్దని కుప్పల్లో. సముద్రపు గవ్వల మీద ఒకటి, దాని పక్కన వంతెనలు కట్టే విద్య మీద ఇంకోటి, ఆ పక్కన అందరూ మర్చిపోయిన కవి ఒకాయన. నేను గవ్వల పుస్తకం కోసం చెయ్యి చాపి వంతెనలది ఇంటికి తెచ్చుకున్నా.

అమెరికాలో పోర్ట్‌లాండ్ అనే ఊళ్లో 1971లో మొదలైన పవెల్స్ అనే పెద్ద షాపు ఉంది, ఒక బ్లాకు మొత్తం అదే. అక్కడ కొత్త కాపీనీ పాత కాపీనీ ఒకే అరలో పక్కపక్కన పెడతారు. నాకు భలే నచ్చిన పద్ధతి. సినిమా వచ్చాక హీరో బొమ్మతో వేసిన అట్టా, అంతకుముందటి అసలు అట్టా రెండూ ఒకేసారి కనిపిస్తాయి, ఏది కొనాలో అక్కడే తేల్చుకోవచ్చు.

నిశాచరి:
వంతెనల పుస్తకం చదివారా మరి?

మూలఅర:
సగం. కానీ ఇప్పుడు ఏ వంతెన దగ్గరికెళ్లినా కిందికి వంగి చూస్తున్నా.

షట్టర్‌తీశాం:
కౌంటరుకి ఇవతలి వైపు నుంచి రాస్తున్నా. చిన్న షాపు నాది, పాతవీ కొత్తవీ రెండూ పెడతా.

స్టాకు ఎక్కడినుంచి వస్తుందని అందరూ అడుగుతారు. ఎక్కువ భాగం ఇళ్లు ఖాళీ అయినప్పుడే. పెద్దాయన పోతారు, పిల్లలు ఎక్కడెక్కడో ఉంటారు, గది ఖాళీ చెయ్యాలి, మాకు ఫోన్ చేస్తారు. వెళ్లి అరల ముందు నిలబడితే ఆ మనిషి ఏ వయసులో దేని మీద పడ్డాడో తెలిసిపోతుంది. ఒక వరసంతా చదరంగం, ఉన్నట్టుండి ఆగిపోతుంది, అక్కణ్నుంచి తోటపని. మేం తీసుకోగలిగేది అందులో కొంతే. ఎన్‌సైక్లోపీడియా సెట్లు ఇస్తామంటే దండం పెట్టేస్తాం. 1768లో మొదలైన బ్రిటానికా వాళ్లే ఇక అచ్చు వెయ్యమని 2012లో ప్రకటించాక ఇంకెవరు కొంటారు చెప్పండి, గోడంతా ఆక్రమిస్తాయి తప్ప కదలవు. కానీ అమ్మేవాళ్లకి అది వాళ్ల నాన్న ప్రాణంగా చూసుకున్న సెట్. పెట్టెలు మోయడం కంటే ఆ మాట చెప్పడమే నాకు కష్టం.

తెచ్చాక తుడవాలి, పేజీలు సరిపోయాయో లేదో చూడాలి, ధర వెయ్యాలి. ధర లోపలి మొదటి పేజీ పైమూలలో పెన్సిల్‌తో రాస్తాం. పెన్నుతో రాసేవాళ్లని మాలో మేం తిట్టుకుంటాం. ఒక్కోసారి ధర పక్కన అర్థంపర్థం లేని అక్షరాలు కనిపిస్తాయి చూడండి, అది మేం ఎంతకి కొన్నామో మాకు మాత్రమే తెలిసే గుర్తు. ఒక్క అక్షరం కూడా రెండోసారి రాని పదక్షరాల మాట ఒకటి పెట్టుకుని ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె అనుకుంటాం. పాతకాలపు అలవాటు, వేరే వ్యాపారాల్లోనూ ఉంది. నా మాట ఏంటని అడక్కండి.

ఇదంతా చాలా హాయైన పని అనుకునేవాళ్లకి ఒక సంగతి. జార్జ్ ఆర్వెల్ అనే ఇంగ్లీషు రచయిత 1934లో లండన్‌లో హ్యాంప్‌స్టెడ్ అనే చోట సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపులో పనికి కుదిరాడు. 1936లో ఆ అనుభవం మీద వ్యాసం రాస్తూ, అక్కడ పనిచేశాక తనకి పుస్తకాల మీద ప్రేమ పోయిందని తేల్చేశాడు. అమ్మడం కోసం వాటి గురించి అబద్ధాలు చెప్పాలి, పొద్దస్తమానం దుమ్ము దులపాలి, అటూ ఇటూ మోయాలి. ఆయన రాసిన కస్టమర్లు మాత్రం అచ్చంగా ఇప్పటికీ వస్తున్నారు. పెద్ద ఆర్డరు ఇచ్చి మళ్లీ కనపడనివాళ్లు, పేరూ గుర్తులేదు రచయితా గుర్తులేదు కానీ అట్ట ఎరుపు అని అడిగేవాళ్లు. ఆయనకి పోయిన ప్రేమ నాకింకా పోలేదు, నడుం మాత్రం పోయింది.

పెన్సిల్‌గీత:
ఎర్ర అట్ట బ్యాచ్‌లో నేనూ ఉన్నా. నాది నీలం.

నిశాచరి:
వాసన సంగతి ఎవరూ ఎత్తరేంటి? నేనైతే ముందు ముక్కుతోనే లోపలికి వెళ్తా.

దాని వెనక కెమిస్ట్రీ కూడా చెప్తా, నా చదువు అదే కాబట్టి. కాగితంలో ఉండే సెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు ఏళ్ల తరబడి మెల్లగా విరిగిపోతూ ఆవిర్లు వదులుతాయి. అందులో వెనిలిన్ ఉంటుంది, వెనిలాకి ఆ వాసన వచ్చేది దానివల్లే. ఫర్ఫ్యురల్ ఉంటుంది, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, ఇంకా చాలా ఉంటాయి. 2009లో లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు మరికొందరితో కలిసి, ఈ ఆవిర్లని కొలిస్తే చాలు, పుస్తకంలోంచి ముక్క చింపకుండానే కాగితం ఏ స్థితిలో ఉందో అంచనా వెయ్యొచ్చని చూపించారు. అంటే మనం కళ్లు మూసుకుని ఆస్వాదించేది పుస్తకం పాడైపోతున్న వాసన. తెలిశాక కూడా మానలేదు నేను.

తమాషా ఏంటంటే ఎంత పాతదైతే అంత పాడై ఉంటుందనుకుంటాం కదా, కాదు. మూడొందల ఏళ్ల నాటి కాగితం తెల్లగా, మెత్తగా ఉండొచ్చు, ఎందుకంటే అది పాత గుడ్డపీలికల నుంచి చేసింది. 1850ల తర్వాత చెక్కగుజ్జు వాడడం పెరిగింది, సిరా పాకకుండా పటికా, ఒక రకం బంకా కలిపేవారు, దాంతో కాగితంలో ఆమ్లం చేరి లోపల్నుంచే తినేస్తూ వచ్చింది. అందుకే వందేళ్ల నాటి చవక ఎడిషన్ మడతపెడితే అప్పడంలా విరుగుతుంది, దానికి తాతలాంటిది మాత్రం దర్జాగా ఉంటుంది. ఇప్పుడు కొన్ని పుస్తకాల కాపీరైట్ పేజీలో ఆమ్లం లేని కాగితం అని వేస్తున్నారు, గమనించండి.

దుమ్ముశత్రువు:
నాకు ఇష్టమే గానీ రెండు తుమ్ములకి బయటికొచ్చేస్తా. పైగా ఇంట్లో ఉన్న కొత్త పుస్తకాలకి పురుగులు అంటుకుంటాయేమోనని టెన్షన్. మీరంతా తెచ్చి నేరుగా అరలో పెట్టేస్తారా? షట్టర్ గారూ, మీరైనా చెప్పండి.

షట్టర్‌తీశాం:
నేరుగా ఎప్పుడూ పెట్టకండి. కొనేముందే నడిమికి తెరిచి స్పైన్ లోపలి వైపు, బైండింగు మడతల్లో చూడండి. చిన్న గుండ్రటి రంధ్రాలు, సన్నటి పొడి ఉంటే లోపల పురుగు తిరిగినట్టు. అట్ట మీద గీకినట్టు పల్చబడితే సిల్వర్‌ఫిష్ అనే చిన్న పురుగు పని కావచ్చు, దానికి బైండింగులో వాడే గంజి అంటే ప్రాణం. గోధుమరంగు మచ్చలు మామూలే, చదవడానికి అడ్డం కావు. బూజు వాసన, మెత్తటి నూగు ఉంటే మాత్రం ఎంత అపురూపమైనదైనా అక్కడే వదిలెయ్యండి, తుమ్ములు వచ్చేవాళ్లు మరీనూ.

పురుగు అనుమానం ఉంటే ప్లాస్టిక్ కవర్లో గాలి దూరకుండా మూసి డీప్ ఫ్రీజర్లో రెండు మూడు వారాలు ఉంచొచ్చు, మైనస్ 18, 20 డిగ్రీలుండాలి. లైబ్రరీలు, మ్యూజియాలు చేసే పనే ఇది. తీశాక కవరు వెంటనే విప్పకండి, పూర్తిగా గది వేడికి వచ్చాకే విప్పాలి, లేకపోతే కాగితానికి తేమ పడుతుంది. బూజుకి ఇది మందు కాదు, కాసేపు నిద్రపుచ్చుతుంది అంతే. తోలు బైండింగు, పాత ఫొటోలు అంటించినవి ఉంటే తెలిసినవాళ్లని అడిగి చెయ్యండి.

ఊరూరా:
నేను ఏ ఊరెళ్లినా ముందు పుస్తకాల షాపులు ఎక్కడున్నాయో చూసుకునే రకం, కాబట్టి కొంచెం ఓపిక పట్టండి.

టోక్యోలో జింబోచో అని ఒక పేట ఉంది, వందకి పైగా పుస్తకాల షాపులు, చాలావరకు పాతవే. నన్ను అక్కడ ఆకట్టుకున్నది పుస్తకాల కంటే షాపులు నిలబడ్డ తీరు. పెద్ద రోడ్డుకి దక్షిణం పక్కన వరసగా, అన్నీ ఉత్తరం వైపు తిరిగి ఉంటాయి. ఎండ లోపలికి కొడితే అట్టల రంగు వెలుస్తుందని. బయట బండల మీద కూడా పుస్తకాలు పేర్చి ఉంటాయి, వాటి మీదా నీడే. జపాన్‌లో పేరున్న ప్రచురణ సంస్థ ఇవనామి కూడా 1913లో అక్కడ పాత పుస్తకాల షాపుగానే మొదలైంది.

పారిస్‌లో సీన్ నది గట్టు గోడలకి బిగించిన ముదురాకుపచ్చ పెట్టెలు చూసే ఉంటారు ఫొటోల్లో. పొద్దున పెట్టె మూత తెరిస్తే షాపు, సాయంత్రం మూస్తే గోడ. వందల ఏళ్లుగా ఉన్న వ్యాపారం. 2024 ఒలింపిక్స్ ప్రారంభోత్సవం నది మీద పెట్టుకుని, భద్రత కోసం ఆ పెట్టెలు చాలావాటిని ఊడదీయమన్నారు పోలీసులు. పెట్టెలవాళ్లు ససేమిరా అన్నారు, గొడవ నెలల పాటు నడిచి ఆ ఏడు ఫిబ్రవరిలో అధ్యక్షుడే జోక్యం చేసుకుని వద్దన్నాడు. పాత పుస్తకాల వాళ్లు ఒలింపిక్స్‌నే ఒక అడుగు వెనక్కి వేయించారు, గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది నాకు.

వేల్స్ సరిహద్దులో హే-ఆన్-వై అనే చిన్న ఊరు. 1960ల మొదట్లో రిచర్డ్ బూత్ అనే ఆయన అక్కడ పాత పుస్తకాల షాపు తెరిచి, ఎక్కడెక్కడి లైబ్రరీల పుస్తకాలో టోకున తెచ్చి ఊరంతా నింపాడు. 1977 ఏప్రిల్ 1న ఆ ఊరు స్వతంత్ర రాజ్యమనీ, తానే రాజుననీ ప్రకటించుకున్నాడు. వేళాకోళమే, కానీ పత్రికలు ఎగబడ్డాయి, జనం వచ్చారు, దాన్ని చూసి బెల్జియంలో రెదు, స్కాట్లండ్‌లో విగ్‌టౌన్ లాంటివి పుస్తకాల ఊళ్లయ్యాయి. హేలో కోట గోడ పక్కన కాపలా మనిషి లేని అరలు ఉన్నాయి, ఆరుబయట. పుస్తకం తీసుకుని డబ్బు పెట్టెలో వేసి వెళ్లాలి.

ఇంకా పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 1732 నుంచి నడుస్తున్న బెర్ట్రాండ్ అనే షాపు ఉంది, 1755 భూకంపాన్ని కూడా దాటి వచ్చింది. దాని గురించి రాస్తే ఈ పోస్టు తెల్లారదు.

లెక్కలబాబు:
ఫొటోలు దిగే షాపులు వేరు, పుస్తకాలు కొనే షాపులు వేరు అని నా అనుమానం. జనం ఫోన్లెత్తి తిరుగుతుంటే నిజంగా చదివేవాడికి అరే కనపడదు.

ఊరూరా:
ఆ మాట నిజం. పేరు పడ్డ షాపులకి పొద్దున తలుపు తీసేసరికి వెళ్లిపోతా నేను. పది దాటితే సంత.

అనువాదిని:
అందరూ పాత పుస్తకాలని ఇంత ముద్దు చేస్తున్నారు గానీ, రాసేవాళ్ల వైపు నుంచి ఒక మాట. సెకండ్ హ్యాండ్ అమ్మకంలో రచయితకీ అనువాదకులకీ పైసా రాదు. ఒకసారి అమ్మిన కాపీని కొన్నవాడు మళ్లీ ఎవరికైనా అమ్ముకోవచ్చు, దాని మీద రచయితకి పట్టు ఉండదు. అమెరికాలో సుప్రీంకోర్టు 1908లోనే ఒక ప్రచురణకర్త వేసిన కేసులో ఇది తేల్చేసింది. నేనేం వద్దనడం లేదు, నా సగం లైబ్రరీ కూడా అలాంటిదే. కానీ ఇప్పుడు రాస్తున్నవాళ్ల పుస్తకం, అచ్చులో ఉన్నది, పక్కనే ఉన్న చిన్న షాపులో కొత్తది దొరుకుతున్నప్పుడు పాత కాపీ కోసం కాచుక్కూర్చుని, పైగా దాన్ని పుస్తకప్రేమ అనడం నాకు మింగుడుపడదు. బ్రిటన్‌లో 2021లో రెండు సెకండ్ హ్యాండ్ సంస్థలు రచయితల సంఘంతో కలిసి, అమ్మకాల్లోంచి కొంత పక్కన పెట్టి రచయితలకి పంచే పద్ధతి మొదలుపెట్టాయి. చట్టం బలవంతం లేకుండా, వాళ్లంతట వాళ్లే.

మూలఅర:
అచ్చులో ఉన్నవాటి సంగతి ఒప్పుకుంటా. కానీ అచ్చులో లేనివే కదా ఎక్కువ? వాటిని బతికిస్తున్నది ఎవరు మరి? ప్రచురణకర్త వదిలేశాడు, రచయిత పోయాడు, వారసులు ఎక్కడున్నారో తెలియదు. పాత షాపులో ఒకడి చేతికి దొరికి, వాడు నలుగురికి చెప్పి, ఎవరో మళ్లీ అచ్చు వేస్తేనే రచయిత కుటుంబానికైనా ఏదో వస్తుంది.

అనువాదిని:
అది కూడా నిజమే, నేను అనువాదం చేసినవాటిలో ఒకటి అలా బయటపడిందే. నా గొడవంతా ఇవాళ్టి పుస్తకాల గురించి.

నిశాచరి:
ఈబుక్ కొంటే ఈ గొడవే లేదు, ఎవరికీ అమ్మలేం.

అనువాదిని:
నిజంగానే అమ్మలేరు. వాడేసిన ఈబుక్కులు అమ్మే ఒక డచ్ వెబ్‌సైటు కేసులో యూరప్ కోర్టు 2019 డిసెంబరులో అదే తీర్పు చెప్పింది, కాగితం పుస్తకానికి ఉన్న ఆ వెసులుబాటు ఈబుక్కుకి లేదని.

పెన్సిల్‌గీత:
అనువాదిని గారి మాట పట్టుకుని కొత్త పుస్తకాల చిన్న షాపుల గురించి అడుగుతా. పెద్దవాళ్లు సగం ధరకి అమ్ముతుంటే వీళ్లెలా నిలబడతారు?

అనువాదిని:
కొన్ని దేశాల్లో చట్టం కాపాడుతుంది. ఫ్రాన్స్‌లో 1981 నాటి చట్టం ప్రకారం పుస్తకం ధర ప్రచురణకర్తే నిర్ణయిస్తాడు, దాని మీద 5 శాతానికి మించి ఎవరూ తగ్గించకూడదు, పెద్ద షాపైనా చిన్న షాపైనా. జర్మనీలోనూ స్థిర ధరే. బ్రిటన్‌లో 1900 నుంచి ఇలాంటి ఒప్పందమే ఉండేది, 1990ల్లో కూలిపోయింది, ఆ తర్వాత సూపర్‌మార్కెట్లు బెస్ట్ సెల్లర్లని దాదాపు ఊరికే ఇచ్చినంత పని చేశాయి, చిన్న షాపులు చాలా మూతపడ్డాయి. చట్టం లేనిచోట నిలబడేది షాపు మనిషి ఎంపిక వల్లే. నేను వెళ్లే షాపావిడ దగ్గర అన్నీ ఉండవు. ఉన్నవి ఎందుకున్నాయో ఆవిడ చెప్పగలదు, నాకు నచ్చనిదాన్ని నా చేతిలోంచి లాగేసి వద్దంటుంది కూడా. ఏ యాప్ చేస్తుంది ఆ పని?

షట్టర్‌తీశాం:
చిన్న ముక్క కలుపుతా. కొత్తవి చాలా దేశాల్లో అమ్ముడుపోకపోతే వెనక్కి పంపేయొచ్చు, అందుకే ధైర్యంగా తెప్పిస్తాం. పాతవి అలా కాదు, కొన్నామంటే మాదే. నా షాపులో పదేళ్లుగా కదలని పుస్తకం ఉందంటే అది నా మొండితనానికి రుజువు.

కొత్తపేజీ:
అందరికీ నమస్తే, ఈ మధ్యే మొదలుపెట్టా. ఫస్ట్ ఎడిషన్ అంటారు కదా, అది ఎలా గుర్తుపట్టాలి? నా దగ్గరున్న దాంట్లో ఫస్ట్ ఎడిషన్ అని రాసుంది, కింద ఏవో అంకెలు వరసగా ఉన్నాయి, అర్థం కాలేదు.

మూలఅర:
ఆ అంకెల వరసే అసలు కీలకం. ఇంగ్లీషు పుస్తకాల్లో కాపీరైట్ పేజీ అడుగున 10 నుంచి 1 దాకానో, అటూ ఇటూ కలిపో అంకెలుంటాయి. మళ్లీ ముద్రించిన ప్రతిసారీ అన్నింటికంటే చిన్న అంకె తీసేస్తారు. పైన ఫస్ట్ ఎడిషన్ అని ఉండి కింద మిగిలిన చిన్న అంకె 4 అయితే అది మొదటి ఎడిషన్ నాలుగో ముద్రణ. కొన్ని సంస్థల పద్ధతి వేరు, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పాతవాటికి అంకెల వరసే ఉండదు. జాకెట్, అంటే అట్ట మీద తొడిగే కాగితం కూడా చూడండి, ఇరవయ్యో శతాబ్దపు పుస్తకాల్లో సేకరించేవాళ్లకి విలువలో పెద్ద వాటా ఆ పై కాగితానిదే, చాలామంది చింపి పారేశారు కాబట్టి. లోపలి మడత మూలలో ధర కత్తిరించి ఉంటే ఎవరో బహుమతిగా ఇచ్చుంటారు.

ఒక్క మాట. చదవడానికైతే ఇవేవీ పట్టించుకోకండి. ఎడిషన్ల వెర్రి పట్టాక పుస్తకం తెరవడానికే భయపడేవాళ్లని చూశా.

కొత్తపేజీ:
చూశా, చిన్న అంకె 7! పోనీలెండి, చదువుకుంటా. ఇంకో డౌటు, లోపల ఎవరో పెన్సిల్‌తో గీతలు గీసి పక్కన రాశారు. చెరిపెయ్యాలా?

పెన్సిల్‌గీత:
నా పేరు చూసి కూడా అడుగుతున్నారా! చెరపొద్దు. నాకు దొరికిన ఒక పుస్తకంలో ఎవరో మొదటి పేజీ నుంచి రచయితతో పోట్లాడుకుంటూ వచ్చారు. "అబద్ధం", "నిన్న చెప్పిందేంటి మరి", "సరే ఇది ఒప్పుకుంటా" అని. సగం దాటాక ఒక్క రాతా లేదు. కోపంతో వదిలేశారో, నచ్చి నోరు మూసుకున్నారో. నేను ఆ రెండో సగం చదువుతూ ఆ మనిషి ఎక్కడ ఆగాడో చూసుకుంటూ కూర్చున్నా, రచయితని సగమే విన్నా.

టికెట్లు, రసీదులు, ఎండిన ఆకులు దొరకడం మామూలే. ఉత్తరాలు దొరికితేనే ఇబ్బంది. చదవాలా వద్దా?

దుమ్ముశత్రువు:
చదవకూడదు. అది మనకి రాసింది కాదు.

నిశాచరి:
చదవకుండా ఉండగలిగేవాళ్లు అసలు పాత పుస్తకాల షాపుకే రారు.

షట్టర్‌తీశాం:
మాకు దొరికితే ఇచ్చిన ఇంటివాళ్లకి ఫోన్ చేస్తాం, ముఖ్యంగా ఫొటోలైతే. అమ్మినవాళ్లు ఎవరో తెలియనప్పుడు ఒక డబ్బాలో వేస్తాం. ఎప్పుడో ఒకసారి ఎవరో వచ్చి అడుగుతారు. చాలావరకు ఎవరూ రారు.

లెక్కలబాబు:
అంచుల్లో రాతల గురించైతే నేనూ ఒకటి చెప్పాలి, ప్రతిపక్షంలో ఉన్నా సరే. ఫెర్మా అనే ఫ్రెంచి గణిత మేధావి తన దగ్గరున్న ప్రాచీన గ్రీకు గణిత గ్రంథం అంచులో, 1637 ప్రాంతంలో అంటారు, ఒక సిద్ధాంతం రాసుకుని, దీనికి చక్కటి నిరూపణ నా దగ్గరుంది గానీ ఈ అంచులో పట్టదు అన్నాడు. ఆయన పోయాక కొడుకు 1670లో ఆ నోట్సు అన్నీ కలిపి అచ్చు వేయించబట్టి లోకానికి తెలిసింది. నిరూపించడానికి 1990ల దాకా పట్టింది, ఆండ్రూ వైల్స్ అనే గణితజ్ఞుడి చేతిలో. ఫెర్మా చేత్తో రాసిన ఆ కాపీ మాత్రం ఇవాళ్టికీ దొరకలేదు.

మూలఅర:
చూశారా, ఏదో ఒక షాపులో కింది అరలో ఉండే ఉంటుంది!

లెక్కలబాబు:
అంత ఆశ లేదు లెండి. కానీ షట్టర్ గారూ, ఒకటి అడగనా. కాలిక్యులేటర్లు రాకముందు పెద్ద లెక్కలు చెయ్యడానికి వాడిన లాగరిథమ్ పట్టికల పుస్తకాలు మీ దగ్గరికి వస్తాయా? వాటిల్లో అచ్చుతప్పులు ఎక్కువ, బాబేజ్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు ఆ తప్పులు చూసి విసిగిపోయే 1820ల్లో యంత్రంతో పట్టికలు వేయించాలని కూర్చున్నాడు. వాడేవాళ్లు తప్పు కనిపించినచోట సిరాతో దిద్దుకునేవారట. అలా చేత్తో దిద్దిన కాపీ నాకొకటి కావాలి. ఇది ఏ వెబ్‌సైటులోనూ ఫిల్టర్ పెట్టి వెతకలేకపోతున్నా.

నిశాచరి:
ఫలానా పుస్తకం, ఫలానా ఎడిషన్ అన్నదెవరబ్బా ఇందాక?

షట్టర్‌తీశాం:
వస్తుంటాయి. అడిగేవాళ్లు లేక వెనక గదిలో పడేస్తుంటా. దిద్దినవి ఉన్నాయో లేదో పేజీ పేజీ తిప్పి చూడాలి, ఆ పని నా వల్ల కాదు, మీరే వచ్చి కూర్చోండి. నాలుగంకెలవి కావాలా, ఏడంకెలవా?

లెక్కలబాబు:
ఏడంకెలవి. పొద్దున ఎన్నింటికి తీస్తారు?